రోజుకో బెండకాయ

ఆస్ట్రేలియా ఉత్తరాన ఊరికి ఒకే దుకాణం ఉన్న ఆదివాసీ పల్లెల్లో పండ్లు, కూరగాయల ధర 20 శాతం తగ్గించి చూశారు. ఇంకోసారి ధర జోలికి పోకుండా ఫ్రిజ్‌లో సీసాలు సర్ది చూశారు. రెండుసార్లూ గల్లాపెట్టె చెప్పిన లెక్కే ఈ వారం ముఖచిత్ర కథనం.

“మార్కెట్ సాయంతో పేదవాళ్ల తిండి బాగుపడుతుందా? ఆస్ట్రేలియా సంగతి రాయండి. గురువారానికి పేజీలు వెళ్లిపోవాలి.” ఎడిటర్ గారి మెసేజ్ ఇంతే. మార్కెట్, పేదలు, పోషకాహారం అనే మూడు మాటలూ ఒకే వాక్యంలో కనబడితే ఎవరో ఏదో అమ్మబోతున్నారనే నాకు మొదట తోస్తుంది. జేబులో డబ్బు లేనివాడి గడపకు మార్కెట్ తనంతట తాను రాదు. వచ్చిందంటే చిప్స్ ప్యాకెట్టో, కూల్‌డ్రింకు సీసానో పట్టుకుని వస్తుంది. మన్యంలో మందుల షాపు లేని ఊళ్లు చూశాను గానీ కుర్‌కురే దొరకని ఊరు చూడలేదు.

ఆ అనుమానంతోనే కాగితాలు ముందేసుకున్నాను. పార్లమెంటు కమిటీల నివేదికలు, శాఖల వ్యూహపత్రాలు చాలానే ఉన్నాయి. చదువుతుంటే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్క పత్రం మాత్రం నన్ను వదల్లేదు. 2017లో ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’ పత్రికలో జూలీ బ్రింబుల్‌కూంబ్, మేగన్ ఫెర్గూసన్, వాళ్ల సహచరులు ప్రచురించిన పరిశోధన అది. ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో పట్టణాలకు దూరంగా ఉన్న 20 ఆదివాసీ ఊళ్లు. ఊరికో దుకాణం. అందులో పండ్లు, కూరగాయలు, మంచినీళ్ల సీసాలు, చక్కెర లేని కూల్‌డ్రింకుల మీద 24 వారాల పాటు 20 శాతం తగ్గింపు. సగం ఊళ్లలో దాంతోపాటు ఏది ఎందుకు తినాలో చెప్పే ప్రచారం కూడా.

ఫలితం ఒక్క వాక్యంలో ఉంది. తగ్గింపు ఉన్నన్నాళ్లూ పండ్లు, కూరగాయల కొనుగోలు 12.7 శాతం పెరిగింది. మనిషికి రోజుకు 12 గ్రాములు.

పన్నెండు గ్రాములంటే ఎంత? వంటింటి తూకం మీద పెడితే ఓ మోస్తరు లేత బెండకాయ అంత తూగుతుంది. ధరలో అయిదో వంతు కోసేస్తే ఒక మనిషి పళ్లెంలోకి రోజుకో బెండకాయ అదనంగా వచ్చిందన్నమాట.

నవ్వాలో మెచ్చుకోవాలో తెలియని అంకె ఇది. రోజుకు రెండు వంతుల పండ్లు, అయిదు వంతుల కూరగాయలు తినమంటుంది ఆస్ట్రేలియా ప్రభుత్వం. పండు వంతు 150 గ్రాములు, కూర వంతు 75 గ్రాములు, మొత్తం 675. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 400 గ్రాములంటుంది. 12 గ్రాములు 12.7 శాతమైతే, అంతకుముందు ఆ దుకాణాల్లో మనిషికి రోజుకు అమ్ముడయ్యేది వంద గ్రాముల లోపే. వంద ఉన్నచోట పన్నెండు కలిస్తే సంతోషమే, నాలుగు వందలకు ఎప్పటికి చేరేట్టు?

అసలు విచిత్రం ఆ తర్వాత ఉంది. 24 వారాలయ్యాక తగ్గింపు ఎత్తేశారు. ధర మళ్లీ మామూలుకు వచ్చింది. కొనుగోలు కూడా కిందికి రావాలి కదా? రాలేదు. తగ్గింపుకు ముందు రోజులతో పోలిస్తే, ఎత్తేశాక 19.8 శాతం ఎక్కువగా నిలబడింది. మనిషికి 18 గ్రాములు, అంటే ఒకటిన్నర బెండకాయ. చవకయితే కొంటారు, ఖరీదయితే మానేస్తారు అనే సూత్రం ఇక్కడ పూర్తిగా నడవలేదు. దాదాపు ఆర్నెల్ల పాటు నాలుకకు, పొయ్యికి అలవాటైన కూర అంత తేలిగ్గా పోదని నాకు తోచిన సమాధానం. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని ఇంతకు మించి అనలేం.

ఒకే దుకాణం, ఒకే గల్లా

ఇంత కచ్చితంగా గ్రాములు ఎలా తెలిశాయి? ఈ కాగితం మీద నాకు మమకారం పుట్టింది అక్కడే. తిండి గురించి మామూలు సర్వే అంటే ‘నిన్న ఏం తిన్నారు’ అని అడగడం. అడిగేది తెల్లకోటు మనిషయితే కూల్‌డ్రింకు సంగతి ఎవరూ చెప్పరు, ఆకుకూర మాత్రం అందరికీ గుర్తొస్తుంది. ఈ ఊళ్లలో ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. తర్వాతి దుకాణం వందల కిలోమీటర్ల దూరంలోనో, సముద్రం అవతలో ఉంటుంది. వానాకాలం మట్టిరోడ్లు మూసుకుపోతే ఆ దారీ ఉండదు. వేటాడి తెచ్చింది, చేపలు, అడవి దుంపలు మినహాయిస్తే ఊరు తినేదంతా ఆ ఒక్క గల్లా మీదుగానే వెళ్తుంది. స్కానర్ ‘బీప్’ మన్న ప్రతిసారీ ఊరి తిండి చిట్టాలో ఒక పద్దు పడుతుంది. ఆ పద్దుల్ని బరువుల్లోకి, బరువుల్ని పోషకాల్లోకి మార్చి, ఊరి జనాభాతో భాగిస్తే సరి.

స్కానర్లు రాకముందే ఈ లెక్క మొదలైంది. నార్తర్న్ టెరిటరీలోని అర్నెమ్ ల్యాండ్ తీరానికి కాస్త దూరంలో క్రోకర్ అనే ద్వీపం ఉంది, అందులో మింజిలాంగ్ అనే ఊరు. 1989-90లో ఆ ఊరివాళ్లు తమ దుకాణం కేంద్రంగా ఒక పోషకాహార కార్యక్రమం నడిపారు. ఊరికి ఏ సరుకు ఎంత దిగిందో దుకాణం ఇన్వాయిస్‌లు ముందేసుకుని కూడారు పోషకాహార శాస్త్రవేత్త అమాండా లీ, ఆమె సహచరులు. ఎన్ని బస్తాల పిండి, ఎన్ని కిలోల చక్కెర, ఎన్ని పెట్టెల నారింజలు అని. దుకాణంలోకి వచ్చే సరుకును మార్చారు, ఊరివాళ్ల రక్తపరీక్షలు చేశారు. ఏడాది తిరిగేసరికి ఊరి తిండిలో చక్కెర, గట్టి కొవ్వు తగ్గాయి. సగటు కొలెస్టరాల్ 12 శాతం తగ్గింది. ఫోలేట్, సి-విటమిన్ పెరిగాయి. రక్తపోటు దిగింది. 1994లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పరిశోధనలు చేసిన పెద్దల పేర్ల మధ్య ఆ ఊరి మనిషి పేరు కూడా రచయితగా ఉంది. మందు బిళ్ల లేకుండా దుకాణం అరల్లోంచి వచ్చిన ఫలితం కాబట్టి ముప్పై ఏళ్లు దాటినా దాన్ని ఇంకా ఉదహరిస్తూనే ఉన్నారు.

గల్లా లెక్క మంచి కబుర్లే చెప్పాలని లేదు. ఉత్తరాదిలోని మూడు ఆదివాసీ ఊళ్లలో 12 నెలల అమ్మకాలను బ్రింబుల్‌కూంబ్ బృందం 2013లో బయటపెట్టింది. తిండికి పెట్టిన ప్రతి వంద డాలర్లలో పాతికకు కాస్త తక్కువ పానీయాలకే పోయింది. అందులో చక్కెర నీళ్ల వాటా 15 డాలర్ల 60 సెంట్లు. కూరగాయలకు 5.40, పండ్లకు 2.20. ఒంటికి అందే శక్తిలో పాతిక శాతం నుంచి మూడో వంతు దాకా చక్కెరలదే. అదనంగా కలిపే చక్కెరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 10 శాతం. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ కోసం ఊరు వదిలి డార్విన్‌లో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో తలదాచుకునే వాళ్లు ఎందుకంతమంది ఉన్నారో తెలుసుకోవాలంటే ఈ పట్టికతో మొదలుపెట్టాలి.

చరిత్ర, త్వరత్వరగా

పేజీల్లో చోటు తక్కువ కాబట్టి రెండొందల ఏళ్లు ఒక్క పేరాలో. వేట, సేకరణ మీద బతికిన జనాన్ని సొంత నేల నుంచి తరిమి మిషన్లలో, పశువుల ఫారాల్లో కూర్చోబెట్టారు. కూలికి బదులు రేషన్ ఇచ్చారు: మైదా పిండి, చక్కెర, టీ ఆకు, కాస్త మాంసం. 1966 ఆగస్టు 23న వేవ్ హిల్ పశువుల ఫారం నుంచి తమ నాయకుడు విన్సెంట్ లింగియారి వెనక గురింజీ ఆదివాసులు నడిచి వెళ్లిపోయింది ఆ బతుకు మీద తిరుగుబాటుగానే. తర్వాత రేషన్ పోయి జీతం, పింఛన్లు వచ్చాయి; మిషన్ కొట్లు దుకాణాలయ్యాయి; పిండి, చక్కెర, టీ మాత్రం అలవాటుగా మిగిలిపోయాయి. 1982లో కెరిన్ ఓడీ అనే శాస్త్రవేత్త, చక్కెర జబ్బున్న పదిమంది ఆదివాసులు పశ్చిమాన డెర్బీ దగ్గర ఏడు వారాల పాటు తమ పాత నేలలో వేటాడి తింటే ఏమవుతుందో చూశారు. సగటున 8 కిలోల బరువు తగ్గారు, రక్తంలో చక్కెర బాగా దిగింది. అందరూ అడవికి తిరిగి వెళ్లడం అయ్యే పని కాదు కాబట్టి, చూపు దుకాణం మీద పడింది.

బాక్స్ 1: పన్ను లేని బుట్ట

ధరతో తిండిని మలిచే పని ఆస్ట్రేలియాలో దేశమంతటా ఒకటి నడుస్తోంది, దాన్ని ఎవరూ పోషకాహార పథకం అనరు. 2000 జూలై 1న 10 శాతం జీఎస్టీ వచ్చినప్పుడు ప్రధాని జాన్ హోవర్డ్ తిండి మీద కూడా వేద్దామన్నారు. సెనేట్‌లో మెగ్ లీస్ నాయకత్వంలోని డెమోక్రాట్ల మద్దతు అవసరమై, వాళ్లు పట్టుబట్టడంతో మౌలిక ఆహారాన్ని మినహాయించారు. పండ్లు, కూరగాయలు, పాలు, బ్రెడ్, గుడ్లు, మాంసం, బియ్యం మీద పన్ను లేదు. కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, చిప్స్, బిస్కట్లు, ఐస్‌క్రీమ్, వేడివేడి టేక్‌అవే తిండి మీద ఉంది. ఇందులోనూ తిరకాసు లేకపోలేదు. కిలో చక్కెర ప్యాకెట్టు మీద పన్ను లేదు. అదే చక్కెర నీళ్లలో కలిపి సీసాలో పోస్తే 10 శాతం.

ఫ్రిజ్ తలుపు వెనక

ధర తగ్గించాలంటే ఎవరో ఒకరు ఆ తేడా భరించాలి. 2018లో వచ్చిన ఒక ఆర్థిక విశ్లేషణ, పెట్టిన ఖర్చుకు తగ్గ ఆరోగ్య లాభం ఈ 20 శాతం తగ్గింపు ఒక్కదానివల్ల రాదని తేల్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. టమాటాల మీద మిగిలిన డాలరు జేబులో ఉండిపోదు, ఇంకో తిండి మీదికి పోతుంది. అది ఏ తిండి అన్నది తగ్గింపు ఇచ్చినవాడి చేతిలో ఉండదు.

అందుకే అదే పరిశోధకులు రెండో ప్రయోగానికి దిగారు. ఈసారి ధరను ముట్టుకోలేదు. పేరు హెల్తీ స్టోర్స్ 2020. భాగస్వామి ఆల్పా, అంటే అర్నెమ్ ల్యాండ్ ప్రోగ్రెస్ అబొరిజినల్ కార్పొరేషన్. నార్తర్న్ టెరిటరీ, క్వీన్స్‌లాండ్‌లలో అది నడిపే 20 దుకాణాలు తీసుకుని చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశారు. పదింట్లో 12 వారాల పాటు కొత్త పద్ధతి, మిగతా పదింట్లో మామూలు వ్యాపారం.

ఆ కొత్త పద్ధతిని కాస్త దగ్గర్నుంచి చూడాలి. దేన్నీ నిషేధించలేదు. కూల్‌డ్రింకులు, మిఠాయిలు, తీపి బిస్కట్లు, చక్కెర ప్యాకెట్లు అన్నీ దుకాణంలోనే ఉన్నాయి. వాటి మీద ఆఫర్లు మాత్రం ఆపేశారు. బిల్లు కట్టే కౌంటరు దగ్గర, వరసల చివర కంటికి కనబడే చోట్ల నుంచి తీసేశారు. ఏ సీసాలో ఎంత చక్కెర ఉందో చూపించే బొమ్మలు అంటించారు. ఫ్రిజ్‌లో తీపి పానీయాల వరసలు తగ్గించారు. అన్నిటికన్నా తెలివైన పని, 600 మిల్లీలీటర్లు దాటిన సీసాలను ఫ్రిజ్‌లోంచి బయట పెట్టడం.

ఆ చివరిది చిన్న విషయం కాదు. ఎండ మండిపోయే ఊళ్లు అవి. అక్కడ కూల్‌డ్రింకులో ‘కూల్’ కే సగం ధర. పెద్ద సీసా కావాలా? అదిగో, అరలో ఉంది, తీసుకోండి, కాకపోతే గోరువెచ్చగా ఉంటుంది. చల్లగా కావాలా? చిన్న సీసా తీసుకోండి. కాదనడం లేదు, వద్దనడం లేదు. చల్లదనాన్ని మాత్రం ఉచితంగా ఇవ్వడం లేదు, అంతే. కంపెనీలు ఏళ్ల తరబడి ఏ ఫ్రిజ్ తలుపు కోసం పోటీ పడుతున్నాయో ఆ తలుపునే వాళ్ల మీదికి తిప్పారు.

12 వారాల తర్వాత గల్లా చెప్పింది: కొన్న తిండి ద్వారా వచ్చే శక్తిలో అదనపు చక్కెర వాటా 2.8 శాతం తగ్గింది. బరువులో చెబితే పది దుకాణాల నుంచి 1.8 టన్నుల చక్కెర తక్కువగా ఊళ్లలోకి వెళ్లింది. దుకాణదారు భయపడే అసలు ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది: స్థూల లాభం దెబ్బతినలేదు. 2020లో ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’లో ఈ ఫలితం చదివాక నా మొదటి అనుమానం కాస్త పక్కకు జరిగింది. చెడు తిండిని ముందుకు తోయకపోతే వ్యాపారమే నడవదన్న మాటను ఒక దుకాణాల గొలుసు తన సొంత లెక్కల పుస్తకంతోనే కొట్టిపారేసింది.

బాక్స్ 2: పర్సుకు తాళం

ఇదే జనం తిండి కోసం ప్రభుత్వం వేరే దారి కూడా తొక్కింది. 2007లో నార్తర్న్ టెరిటరీలో ‘అత్యవసర జోక్యం’ పేరుతో సైన్యాన్ని కూడా దింపిన కేంద్రం, ఆదివాసుల సంక్షేమ భత్యంలో సగాన్ని చేతికి ఇవ్వకుండా పక్కన పెట్టింది. ఆ సగంతో మద్యం, పొగాకు కొనడానికి వీల్లేదు. 2008లో ఇందుకోసం బేసిక్స్ కార్డు వచ్చింది. పది దుకాణాల అమ్మకాలను పరిశీలించి బ్రింబుల్‌కూంబ్ బృందం 2010లో ఫలితం ప్రకటించింది. పండ్లు, కూరగాయల్లో గానీ, కూల్‌డ్రింకుల్లో గానీ, పొగాకులో గానీ ఈ పద్ధతి వల్ల మేలు జరిగిన జాడ కనబడలేదు. మనిషి పర్సుకు తాళం వేసి దుకాణం అరల్ని అలాగే వదిలేస్తే తిండి మారదని అర్థం. అర అదే, సరుకు అదే, ధర అదే. మారింది కొనేవాడి పరువు ఒక్కటే.

దుకాణం ఎవరిది?

రెండు ప్రయోగాల్లోనూ ఒక మాట వెనకాల ఉండిపోయింది. ఆ దుకాణాలు ఎవరివి? చక్కెర అమ్మకం తగ్గించుకుంటామంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

ఆల్పా 1972లో పుట్టింది. చర్చి మిషన్ల చేతిలో ఉన్న కొట్లను ఊరివాళ్ల చేతికి తెచ్చే క్రమంలో వచ్చిన సంస్థ. మిలింగింబి, రామింగినింగ్, గపువియాక్, గాలివిన్‌కు, మింజిలాంగ్ వంటి ఊళ్ల ఆదివాసులే దాని సభ్యులు, బోర్డులో కూర్చునేదీ వాళ్లే. తాజా పండ్లు, కూరగాయల రవాణా ఖర్చును వినియోగదారు మీద వేయకుండా సంస్థే భరించడం వాళ్ల పాత విధానం. లాభం వస్తే ఊరి పనులకు పోతుంది. డయాలిసిస్‌కు వెళ్లేది బోర్డు సభ్యుడి అన్నే కావచ్చు, అక్కే కావచ్చు. పెద్ద సీసాను ఫ్రిజ్‌లోంచి తీసేద్దామన్న ప్రతిపాదన అలాంటి బల్ల ముందుకు వస్తే దాని బరువే వేరు.

2006లో హోవర్డ్ ప్రభుత్వం అవుట్‌బ్యాక్ స్టోర్స్ అనే ప్రభుత్వ కంపెనీని పెట్టింది. నష్టాల్లో మునిగిన ఊరి దుకాణాలను రుసుము తీసుకుని నడిపిపెట్టడం దాని పని. 20 శాతం తగ్గింపు ప్రయోగంలో ఆల్పాతో పాటు ఈ దుకాణాలూ ఉన్నాయి. దక్షిణాన ఏపీవై అనే ఆదివాసీ భూముల్లో పిత్జంజాజారా జనం ‘మాయ్ విరు’ పేరుతో సొంత దుకాణాల విధానం తెచ్చుకున్నారు. అక్కడ 1986 నాటి తిండిని 2014 నాటి దానితో అమాండా లీ, స్టెఫన్ రెయినో పోల్చి చూస్తే చేదు నిజం బయటపడింది. దుకాణాల్లో పండ్లు, కూరగాయలు బాగా పెరిగాయి. మొత్తం తిండి మాత్రం చెడింది. ఆ దాదాపు ముప్పై ఏళ్లలో టేక్‌అవే, రెడీమేడ్ తిండి దేశమంతా పాకినట్టే అక్కడికీ పాకాయి. సొంత దుకాణం ఉంటే అన్నీ చక్కబడతాయని చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

ఇక ధర. మారుమూల దుకాణాల్లో తిండి బుట్ట పట్టణ సూపర్‌మార్కెట్ కన్నా సగానికి అటూ ఇటూగా ఎక్కువ పలుకుతుందని నార్తర్న్ టెరిటరీ సర్వేలు ఏళ్లుగా చెబుతున్నాయి. 2020లో దుకాణాల ధరల మీద గగ్గోలు రేగితే పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. పథకం ప్రకారం జనాన్ని దోచుకుంటున్నారనడానికి విస్తృతమైన ఆధారాలు దొరకలేదని కమిటీ తేల్చింది. బార్జ్ (సరుకు పడవ) కిరాయి, డీజిల్ కరెంటు, కుళ్లిపోయే సరుకు, చిన్న ఆర్డర్లు, అన్నీ కలిసి ధరను పైకి తోస్తాయి. సరఫరాదారులు అమ్మకాల పరిమాణాన్ని బట్టి దుకాణాలకు తిరిగి ఇచ్చే రిబేట్లు కూడా చర్చకు వచ్చాయి. ఏది ఎక్కువ అమ్మితే దాని మీద ఎక్కువ తిరిగొస్తుంది. ఊరి దుకాణంలో ఎక్కువ అమ్ముడయ్యేది ఏమిటో పైన చూశాం.

మెల్‌బోర్న్, సిడ్నీల్లోని మనవాళ్లకు ఇక్కడో మాట. చలికాలంలో మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో, సిడ్నీ శివారు హ్యారిస్ పార్క్‌లోనో కొనే బెండ, కాకర చాలావరకు డార్విన్ శివార్లలోని హంప్టీ డూ వైపు పొలాల్లో వియత్నామీ, కంబోడియా రైతులు పండించినవి. ఆ బెండకాయ మెల్‌బోర్న్ చేరడానికి మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా లారీ ఎక్కుతుంది. కొనే జేబు ఉంది కాబట్టి మార్కెట్ దాన్ని ఎడారి దాటించి మోసుకొస్తుంది. అర్నెమ్ ల్యాండ్ దుకాణాల కూరగాయల్లో చాలావరకు దక్షిణాది హోల్‌సేల్ మార్కెట్ల నుంచి ఎదురుదిశలో అదే దారి పట్టి, డార్విన్‌లో దిగి, బార్జ్ ఎక్కి చేరతాయి. మార్కెట్‌కు దూరం లెక్కలోది కాదు, డబ్బు లెక్కలోది.

బాక్స్ 3: అయిదు డాలర్ల పెట్టె

న్యూసౌత్‌వేల్స్ ఉత్తరాన బుల్గార్ ఙారు అనే ఆదివాసీ వైద్యసంస్థ మూడు ఊళ్లలో పిల్లలున్న పేద కుటుంబాలకు ప్రతివారం 40 డాలర్ల విలువైన పండ్లు, కూరగాయల పెట్టె ఇచ్చింది. పిల్లలు ఎక్కువున్న ఇంటికి 60 డాలర్ల పెట్టె. కుటుంబం కట్టాల్సింది 5 డాలర్లు. బదులుగా పిల్లలకు ఏటా ఆరోగ్య పరీక్షలు, పళ్లు, చెవుల పరీక్షలు చేయించుకోవాలి. సరుకు స్థానిక వ్యాపారి దగ్గరే కొన్నారు. 55 కుటుంబాల్లోని 167 మంది పిల్లలను ఏడాది గమనిస్తే, జబ్బుచేసి క్లినిక్‌కు రావడం, యాంటీబయాటిక్‌లు వాడడం తగ్గాయి, హిమోగ్లోబిన్ కాస్త పెరిగింది. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి. పోల్చడానికి పెట్టె అందని పిల్లల జట్టు లేదు కాబట్టి శాస్త్రజ్ఞులు ఆచితూచి మాట్లాడతారు. ఉచితంగా ఇవ్వకుండా 5 డాలర్లు తీసుకోవడం నాకు నచ్చింది. కొనుక్కున్న కూర మీద హక్కు ఉంటుంది, బాగోలేకపోతే అడిగే నోరు ఉంటుంది.

ముప్పై సరుకులు

2025 ఫిబ్రవరిలో ప్రధాని ఆంథొనీ ఆల్బనీజీ కొత్త పథకం ప్రకటించారు. 150కి పైగా మారుమూల దుకాణాల్లో 30 నిత్యావసర సరుకులు నగరాల్లో దొరికే ధరకే దొరికేలా ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. పోషకాహారం గురించి చెప్పడానికి స్థానిక ఆదివాసులకు శిక్షణ ఇవ్వడమూ అందులో ఉంది. పిండి, మాంసం కైమా, పాలపొడి, పసిపిల్లల నేపీలు, ఇలాంటివి జాబితాలో చేరాయి.

మంచి పనే. కాకపోతే ఇన్ని పత్రాలు తిరగేశాక ఈ జాబితాను నమస్కారం పెట్టి ఆమోదించలేకపోతున్నాను. ధర తగ్గితే ఏమవుతుందో తెలుసు: రోజుకో బెండకాయ. మిగిలిన డబ్బు ఎటు పోతుందో తెలియదు. ఫ్రిజ్ సర్దితే ఏమవుతుందో కూడా తెలుసు, దానికి ఖజానాలోంచి తీయాల్సిందీ పెద్దగా లేదు. అయినా ప్రకటనలో బలంగా వినబడింది సబ్సిడీ. ఫ్రిజ్ సర్దడం రిబ్బను కత్తిరించే పని కాదు మరి. సబ్సిడీతో పాటు అరల అమరిక మీద, రిబేట్ల మీద కూడా షరతులు పెట్టి, ప్రతి మూడు నెలలకూ దుకాణాల అమ్మకాల లెక్క ఊరి ముందు పెడితే ఈ డబ్బుకు రెట్టింపు పని జరుగుతుంది. పోషకాహారాన్ని డాలర్లలో కొలిచే శాఖకు ఈ పని కష్టంగానే ఉంటుంది. ఊరి బోర్డుకు అంత కష్టం కాదు.

మనకు దీంతో పనేమిటని అడిగే పాఠకులుంటారు. విశాఖ కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది, ఆల్పా కన్నా పదహారేళ్లు ముందు. చింతపండు, తేనె, అడ్డాకులు కొనడం ఒక చేత్తో, డీఆర్ (నిత్యావసర సరుకుల) డిపోల్లో సరుకులు అమ్మడం ఇంకో చేత్తో చేస్తోంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. పాడేరు, సీతంపేట, ఉట్నూరు, భద్రాచలం వైపు కొండ ఊళ్లలో ఆ డిపో, వారపు సంత తప్ప వేరే దుకాణం లేని రోజులు చాలామందికి గుర్తే. ఎన్టీ రామారావు గారు 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక ఆకలి తీరింది, దాంతోపాటే జొన్న, సజ్జ, సామ వెనక్కి పోయాయి. ధర పళ్లేన్ని మారుస్తుందని మనకు ఎవరూ రుజువు చేయనక్కర్లేదు. 1999లో వచ్చిన రైతుబజార్లు ఎక్కువగా పట్టణాల్లోనే ఉండిపోయాయి, కొండ ఎక్కినవి తక్కువ.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. డిపోల్లో రేషన్ సరుకుకు ఇప్పుడు మిషన్ బిల్లు వస్తోంది. రేషనే కాకుండా అక్కడ అమ్మే ప్రతి సరుకునూ అలాగే బిల్లులోకి ఎక్కించి, ఏ ఊళ్లో ఎంత పప్పు, ఎంత నూనె, ఎంత చక్కెర, ఎన్ని బిస్కట్ ప్యాకెట్లు పోతున్నాయో మింజిలాంగ్‌లో చేసినట్టు కూడితే మన్యం తిండి గురించి ఏ సర్వే చెప్పనంత తెలుస్తుంది. ఆ లెక్కను ముందుగా చూడాల్సింది డిపోలో కొనే ఆడవాళ్లు. చిరుధాన్యాల మీద తగ్గింపు ఇవ్వాలా, కౌంటరు ముందున్న చిప్స్ దండలు తీసేయాలా అన్నది వాళ్లు చెప్పాలి. మార్కెట్ మీద నా అనుమానం పూర్తిగా పోలేదు. గల్లా తాళం తినేవాళ్ల చేతిలో ఉన్న దుకాణాన్ని మాత్రం నమ్మవచ్చని ఈ పత్రాలు నన్ను ఒప్పించాయి.